మూడో గుంపు

ఒక రోజుని నలభై ఎనిమిది గళ్లుగా కోసి
అట్టకి క్లిప్పు పెట్టి చేతికిచ్చారు.
గడికి అరగంట, గడిలో ఒక అంకె.
ఇరవై మూడు వంట. నలభై ఒకటి ప్రయాణం.
తొమ్మిది నిద్ర.
నేను తలుపు కొట్టాలి,
"నిన్న తెల్లవారుజాము నాలుగు నుంచి చెప్పండి" అనాలి, అంతే.

నిన్నటిని ఎవరూ దాచుకోరని
కంచరపాలెం మెట్ట మీద తెలిసింది.
ఒకాయన భార్యని పిలిచి అడిగాడు,
నిన్న నేనేం చేశానే అని.
ఆవిడ టకటకా అప్పజెప్పింది, ఆయన రోజంతా.
మరి మీది? అంటే
కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ చాలాసేపు నిలబడి
"ఏటుంటాది, పనే" అంది.
ఆ మాటకి అంకె లేదు.

పెదజాలారిపేటలో సూరాడ నూకాలమ్మ
రెండున్నరకి లేస్తుంది.
మూడింటికి హార్బర్లో పాట.
"పాటంటే వేలంపాటమ్మా,
నువ్వు పాడుకునేది కాదు."

కేజీహెచ్ మగవార్డులో రూత్ కమల
మూడింటికి ఎవరి పెదాల మీదో
తడిదూది అద్దుతుంటుంది.
తెల్లారాక కేజీహెచ్ డౌన్ దిగుతూ
చెప్పులు చేత్తో పట్టుకుంటుందట,
పాదాలు ఉబ్బి.

కూర్మన్నపాలెం అప్పలనరసయ్యది సీ షిఫ్టు.
కొలిమి వెలుగులో టిఫిను డబ్బా.
అది రాత్రి భోజనమో పొద్దుటి ఫలహారమో
ఆయన చెప్పలేకపోయాడు,
నేను రెండుసార్లు కొట్టేసి రాశాను.

సిరిపురం ఆఫీసులో, ఏసీ చలిలో,
కంప్యూటర్ కుర్రాడు మీట నొక్కాడు.
దగ్గరదగ్గర రోజులు ఒకచోట చేరాయి
ఇంటిపేరు అడక్కుండా, వీధి అడక్కుండా.
మూడో గుంపు ఊదారంగు.
అరవై ఒక్క చుక్కలు.
ఏ పెళ్లికార్డు మీదా పక్కపక్కన పడని పేర్లు
మూడు గంటల దగ్గర భుజాలు రాసుకుంటూ.

నాకు ఆగలేదు. వెళ్లి నూకాలమ్మకి చెప్పాను,
నీలాంటోళ్లు ఇంకా అరవై మంది ఉన్నారని.
గంపలో ఐసు కుమ్మరిస్తూ తలెత్తలేదు.
"అలాగైతే ఆ యేళప్పుడు
టీ కొట్టు ఎక్కడ తెరిసుంటాదో
ఆళ్లకేటైనా తెలుసేటి?"

సరదాకి నా కాగితమూ ఇచ్చాను.
మొదటి గుంపు మేడమ్, అన్నాడు కుర్రాడు.
పచ్చరంగు, ఒత్తుగా, నాలుగువందల మంది,
రాత్రంతా హాయిగా పడుకునేవాళ్లు.

జ్ఞానాపురంలో మా కిటికీ ఊచల మీద
ఎంత తుడిచినా బొగ్గుపొడి.
పోర్టులో ఓడ కూత వేస్తుంది, మూడింటికే.
ఏడాదిగా ఆ కూతకి ముందే లేచి
దానికోసం ఎదురుచూస్తున్నాను.
ఎందుకని ఎవరూ అడగలేదు,
ఆ గడిలో నేనే
తొమ్మిది వేశాను.

ఇవాళ కూత అయిపోయింది.
ఎదుటి మేడ మీద ఒక బల్బు వెలుగుతోంది.
అది ఎవరి తొమ్మిదో.