ఐదో రీలు

మోంతెవిదేవో రేవు వెనక
మూతపడ్డ దువ్వెనల కార్ఖానాలో దొరికాయి డబ్బాలు.
ఆ రోజుల్లో పాత సినిమాల్ని కిలోల లెక్కన కొనేవారట,
వెండి గీకేసుకుని, మిగిలింది కరిగించి
దువ్వెనలు పోసేవారట.
ఎందరు నాయికల కన్నీళ్ళు
ఎవరెవరి జడల్లో దిగాయో!

ఈ నాలుగూ కొలిమి గడప దాకా వెళ్ళి ఆగాయి.
కాపలావాడెవడో వాటిని ఎత్తుపీటగా వేసి
పైన పొయ్యి పెట్టుకున్నాడు.
నిప్పురవ్వ తగిలితే గుప్పున లేచే సరుకు!
దాని మీద ఇరవయ్యేళ్ళు
మాతే కషాయం కాచుకున్నాడు మహానుభావుడు.

మూత తీస్తే కర్పూరం వాసన.
'ఉప్పు బస్తాల హత్య', ఐదు రీళ్ళు, అని చీటీ.
ఐదోది లేదు.
చంపిందెవరో చెప్పే రీలే లేదు.

రెండేళ్ళు, రోజుకు మూరెడు చొప్పున
బూజు తుడిచాను.
అందరూ నాకు చుట్టాలైపోయారు:
ఉప్పు వర్తకుడి విధవ, కుంటి గుమస్తా,
వాన లేకపోయినా గొడుగు మడవని డిటెక్టివు,
తలుపు తీసి పక్కకు తప్పుకునే నౌకరు.
ఒకచోట విధవ మెడ మీద చెమట మెరుస్తుంది.
తొంభై ఏడేళ్ళ కిందటి ఎండ.
ఇంకా ఆరలేదు.

ప్రదర్శన రోజు పియానో దగ్గర ఇస్మాయెల్ ఎచెవెర్రి.
హాల్లో నలభై మంది.
నాలుగో వరసలో దోన్యా ఎవులాలియా బెర్రుత్తి,
చొక్కాలు కుట్టి కుట్టి మానేసిన మనిషి, పుట్టుచెవిటి.
గుమస్తా విధవ గొంతు పట్టుకుని పళ్ళు నూరే చోట
అందరం ఊపిరి బిగబట్టాం.
ఆమె ఫక్కున నవ్వింది.

దీపాలు వెలిగాక చిన్న పుస్తకంలో రాసి చూపించింది.
గుమస్తా అన్నది బెదిరింపు కాదట:
'కొత్త బూట్లు కరుస్తున్నాయి, త్వరగా చావు తల్లీ.'
కళ్ళు తేలేస్తూ విధవ అన్నది:
'ముందు నీ నోరు కడుక్కో, ఉల్లిపాయల కంపు.'

నిజం చెప్పొద్దూ, నాకు రోషం వచ్చింది.
రెండేళ్ళు ముట్టుకు తుడిచాను,
ఒక్కరైనా నాతో పెదవి విప్పలేదు!

మర్నాడు ఆమెను బల్ల దగ్గర కూర్చోబెట్టాను.
రెండో రీలు. తలుపు. నౌకరు.
కెమెరా పక్కకు ఎవరినో చూసి
ఏదో అడుగుతాడు, రెండు సెకన్లు.
ఆమె చెయ్యెత్తింది. వెనక్కి తిప్పాను.
మళ్ళీ. మళ్ళీ.
అప్పుడు రాసింది:
'చంపింది నేనేనని ఇప్పుడే మొహంలో తెలియాలా,
తర్వాతా?'

మౌనం అర్ధాంగీకారం అంటారు.
మిగతా సగం ఇన్నాళ్ళూ
వాడి పెదవుల మీదే ఉండిపోయింది,
చదివే దిక్కు లేక.

వెళ్ళబోతూ ఆమె
సంచీలోంచి దువ్వెన తీసి నెరిసిన తల సవరించుకుంది.
తేనెరంగుది. పాతది. రెండు పళ్ళు ఊడాయి.
వాళ్ళమ్మదట.
నేనేమీ అడగలేదు.