మూట గడప దాటొద్దు

పదకొండు రాత్రులు
ఎంజీఎం వార్డుల ఇరవై మూడో మంచం కింద
చాప పరుచుకొని పండిన.
మంచం మీద ఎల్లస్వామి.
ఏనుమాముల మార్కెట్ల మిరప బస్తాల వరుస కూలి
మోకాలు మీద పడ్డది.

పన్నెండో నాడు
రంగశాయిపేట సందుల ఆటో ఆగంగనే
మా ఆయన మేనత్త కొంరవ్వ
గేటుకు అడ్డం నిలబడ్డది.
"ఆగుర్రి. మూట గడప దాటొద్దు."

ఆటో ఆయన నా దిక్కు చూసిండు.
నేను నేల దిక్కు చూసిన.
దవాఖాన నుంచి వచ్చినోళ్లం,
అంటురోగం నుంచి కాదు కదా.
ఎదురింటి కిటికీ రెక్క ఇంత సందు తెరుచుకున్నది.
ఏడుపు గొంతు దాక వచ్చి ఆగింది.

ఆమెకు అవేం పట్టలే.
ఒక చేతుల టార్చిలైటు, ఇంకో చేతుల యూరియా సంచి.
దుప్పటి, చాప, నా రెండు చీరెలు, ఆయన లుంగీ
అన్నీ సంచిల కుక్కి, మూతి మెలిపెట్టి
సుతిలితోని బిగ్గెన కట్టింది.
వాకిట్ల పొయ్యి మీద కాగు
అప్పటికే సలసల మసులుతున్నది.
"చేయి పెడితే కాలాలె నీళ్లు.
గోరువెచ్చగుంటే అవి తానం చేసి వస్తయి బిడ్డా."

తడక వెనుక నేను తలకు పోసుకొని వచ్చేసరికి
దండెం మీద ఒక చీరె.
ఆమె పెట్టెల దాచుకున్న గద్వాల చీరె,
మడత కూడ ఇప్పనిది.
కట్టుకుంటుంటే కొంగు సరిచేసి
అప్పుడు చెప్పింది.

కాజీపేట స్టేషన్ కాడి లాడ్జి మూత పడ్డప్పుడు
అగ్గువకు వచ్చిందని పరుపు మంచం తెచ్చిండట మామ.
టేకు మంచం, నెమలి చెక్కడం.
నెమలి కండ్లల్ల ఉన్నయట నల్లులు.
ఎనిమిది నెలలు నిద్ర లేదు.
చుట్టాలు పోతా పోతా
గడప కాడ కొంగులు దులుపుకున్నరు.
"గ్యాసునూనె పోసిన. దీపం తగిలి తెర అంటుకున్నది.
మంచం బుగ్గి అయ్యింది గాని
నల్లులు గోడలకు మారినయి.
అగ్గికి భయపడయి అవి. ఓపిక ఉన్నోళ్లకు భయపడతయి."

అందుకేనట ఈ ఇంట్ల
మంచం గోడకు జానెడు ఎడం.
దుప్పటి అంచు నేల తాకదు.
మంచం కాళ్లు నాలుగు సబ్బునీళ్ల గిన్నెలల్ల.
ఉగాదికి ముందు ఇంటికి రంగు లేకున్నా
గోడ సందులకు మాత్రం తెల్ల సిమెంటు.
రోడ్డు పక్కన పారేసిన సోఫా
ఎంత మంచిగున్నా, మంది ఎంత నవ్వినా
ఇంట్లకు రాదు.

ఎల్లస్వామిని మంచం మీద పండబెట్టి
ఇద్దరికీ అంబలి పోసింది, మామిడి తొక్కు పెట్టింది.
తాను తినలే.
చేతికర్రల రబ్బరు తొడుగులు తీసి
లోపల టార్చి కొట్టి చూసుకుంట కూసున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.
వీపు మీద ఏదో పాకినట్టు, మెడ కాడ ఏదో కుట్టినట్టు.
లేచి, టార్చి పట్టుకొని
పరుపు కుట్టు వెంబడి
పాత రేషన్ కార్డు అంచుతోని గీసుకుంట పోయిన.
తలాపు మూల
పసుపుపచ్చగ, సప్పిడిగ, ఒకటి.
గుండె ఝల్లుమన్నది.
గోరుతోని నలిపి ముక్కు కాడ పెట్టుకుంటే
తుమ్ము మీద తుమ్ము.

"దొరికిందా?" అవతలి అర్రల నుంచి కొంరవ్వ.
ఆమె కూడ పండలేదన్న మాట.
"మిరప గింజ అత్తా. ఆయన అంగీలది."
మంచం మీద ఎల్లస్వామి నవ్వుదామని
కాలు కదిలించి "అమ్మా" అన్నడు.

కొంచెం సేపు చప్పుడు లేదు.
తర్వాత చీకట్ల నుంచి:
"సరే, పండు.
పొద్దున సంచి రేకుల మీద ఎండకేద్దాం.
ఆ అంగీ జేబులు కూడ తిప్పి చూడు."