కిటికీల ఉత్తరం

ఆ వేసవి మనామాలో
దీపాలకు నీలంకాయితం చుట్టేవాళ్లం.
నాన్న చమురు కంపెనీలో ఫిట్టరు,
రాత్రి డ్యూటీకి చీకట్లో తడుముకుంటూ పోయేవాడు.
రెండేళ్ల కిందట ఆకాశంలోంచి పడ్డవి
ఉత్త ఇసకలో పేలాయని ఊరంతా నవ్వింది గాని
అమ్మ నవ్వలేదు.

విశాఖ నుంచి మామ్మ ఉత్తరం.
సెన్సారు కత్తెర తిన్నంత తిని వదిలింది.
"ఇక్కడ" తర్వాత ఒక కిటికీ.
"మీ చిన్నాన్న" తర్వాత ఇంకో కిటికీ.
చివర్న "గేదె బాగుంది."
ఆ కంతల్లో కన్నుపెట్టి చూశాను,
అవతల మా గోడమీది బల్లి.

ఆ వారమే
పరికిణీ మీద మరక.
ముత్యాలకు మునిగేవాళ్లను సొర కొరుకుతుందని విన్నాను,
నన్నేం కొరికిందో అని కాళ్లు వెతుక్కున్నాను.
అమ్మ చూసి "ఒలమ్మా" అంది.
ఏమైందే అంటే
"కూకో. ఏటీ ముట్టుకోకు. నాన్నకి సెప్పకు."
ఆమె మాటల్లోనూ కిటికీలే.

ఈ దీవిలో తాటాకు లేదు,
ఖర్జూరపు మట్టల చాప వేసింది, వీపంతా గీరుకుంది.
చిమ్మిలికి బెల్లం లేదు.
పక్కింటి ఉమ్మ్ జాసిం గోడమీంచి తొంగిచూసి
ఏ భాషలో తెలుసుకుందో
నువ్వులు దంచి ఖర్జూరపాకంలో ముద్దచేసి తెచ్చింది.
నా బుగ్గలు రెండూ పట్టుకుని
చాలాసేపు ఏదో చెప్పింది.
ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు,
కానీ దేన్నీ కత్తిరించలేదు.

ఐదోనాటి స్నానానికి ఆవిడ మొగుడు
సముద్రం అడుగున ఊరే మంచినీళ్లు
తోలుసంచితో మునిగి పట్టుకొచ్చాడు.
అమ్మ నమ్మక
నాలిక మీద చుక్క వేసుకుని చూసి
"తియ్యగానే ఉన్నాయే" అంది.

మామ్మకు నేనే రాశాను.
బియ్యం ధర, సైరను కూత,
రేవులో ఓడలెన్నో లెక్కపెట్టి మరీ.
అడుగున చీమలంత అక్షరాలతో
"నేను పెద్దమనిషినయ్యాను. ఎవరూ ఏమీ చెప్పరు. నువ్వు చెప్పు."
రాజుగారి తలమీద బహ్రెయిన్ అని
నల్లగా అచ్చుకొట్టిన బిళ్ల అంటించాను.

నాలుగు నెలలకు జవాబు.
"వరహాలూ, నీ ఉత్తరం జల్లెడలా వచ్చింది.
అడుగు ముక్క ఒక్కటే మిగిలింది.
పోస్టుమాను చదవబోతే లాక్కుని
కుట్టుమిషను రత్తాయమ్మ చేత చదివించుకున్నాను.
ఇక విను."

రెండు పేజీలు.
ఒక్క కిటికీ లేదు.
నీలం వెలుగులో మూడుసార్లు చదివాను,
చిన్నాన్న మాట
ఎక్కడా లేదు.