మిగిలిన రెండు గౌన్లు

లింబే బజారులో ఇనపసామాన్ల కొట్టు అరుగు మీద
నా కుట్టుమిషను.
కోర్టువాళ్లు ఏడు గౌన్లకు ఆర్డరిచ్చారు.
ఏడుగురి కొలతలూ ఈ నోటుబుక్కులోనే ఉన్నాయి.

అధ్యక్షుడు ఐదుగురికే సంతకం పెట్టాడట.
మిగతా ఇద్దరి గురించి ఆయనకేదో తెలుసట.
ఏం తెలుసో మాత్రం చెప్పడట.

నాకూ కొంచెం తెలుసు.
లుసుంగు గారి కుడిభుజం ఒక అంగుళం కిందికి,
ఏళ్ల తరబడి ఫైళ్లు మోసి.
తమాండా గారు జేబు వద్దన్నారు:
"చేతులు జేబులో పెట్టుకు కూర్చునే ఉద్యోగం కాదమ్మా."
మనిషి గురించి టేపు ఇంతకు మించి ఏం చెబుతుంది?

గుడ్డ డబ్బులు ఇంకా బాకీ.
"జడ్జీలే కానివాళ్లకు గౌన్లేమిటి, బిల్లేమిటి?"
అన్నాడు కోర్టు క్యాషియరు.

నిన్న ప్లీడరు గుమాస్తా వైసన్
రాజ్యాంగం తెరిచి వేలు పెట్టి చదివాడు:
'నియమించవలెను' అనే ఉంది,
'నియమించవచ్చు' అని లేదు.
వలెనుకీ వచ్చుకీ మధ్య
సూది దూరే సందు కూడా లేదనుకున్నాను.
మనిషి దూరాడు.
కాన్వాయితో సహా.

జకరండా పూలు రాలి మిషను చక్రంలో పడుతున్నాయి.
వంకీకి రెండు గౌన్లు.
రాత్రి దుప్పటి కప్పుతాను, పొద్దున దులుపుతాను.

బడి నాటకానికట, ఒకాయన వచ్చి
సగం ధరకు అడిగాడు.
తొడిగి చూడమన్నాను.
కుడిభుజం జారింది,
సర్దుకున్నాడు, మళ్లీ జారింది.