మూడువేల నాలుగువందల పన్నెండో మీటరు

వెలుగును పంపిస్తే
పోయి, తెగినకాడ తల కొట్టుకొని
వెనక్కొచ్చి చెబుతుంది యాడ తెగిందో.
మిషను తెర మీద గీత
చదునుగా నడిచి నడిచి
బావిలో కాలు పెట్టినట్టు పడిపోయింది.
"చదువు" అన్నాడు చెంగల్రాయులు సారు.
మూడువేల నాలుగువందల పన్నెండు మీటర్లు సార్.
"పద. గొడుగుండాదా?"
లేదు.

అప్రెంటిసుగా చేరి నాకది ఏడో నెల.
పుత్తూరు ఎక్స్చేంజీలో మొదటి నెలంతా
రిజిస్టరు రాసినా, బ్యాటరీలకు నీళ్ళు పోసినా,
టీ తెచ్చినా. దాచేదేముంది,
డిప్లొమాలో ఫస్టు క్లాసు నాది,
గ్లాసులు కడగడంలో కూడా.

వడమాలపేట దాటినాక
రోడ్డు వెడల్పు చేసే జేసీబీ
చేను మేసి దొరికిన ఎద్దు మాదిరి
తల వంచుకొని నిలబడుంది. డ్రైవరు లేడు.
గుంతలో మోకాటి లోతు ఎర్రనీళ్ళు,
నీళ్ళలోంచి పైకి తేలిన నల్ల కేబులు.
సారు ఫోను ఆగకుండా మోగతా ఉంది.
బ్యాంకాయన, పెట్రోలు బంకాయన,
ఎవరో కల్యాణ మంటపమాయన.
"వస్తాది సామీ, వస్తాది."
తిట్టినోళ్ళకూ బతిమాలినోళ్ళకూ అదే గొంతు.

వ్యాను వెనక తలుపు తెరిచి, పైన టార్పాలిను కట్టి
ఇరవై నాలుగు పోగులు విప్పినాము.
రెండు గొట్టాలు, గొట్టానికి పన్నెండు.
నీలం, నారింజ, ఆకుపచ్చ, కాఫీ,
బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు,
పసుపు, ఊదా, గులాబి,
చివరిదానికి మా ఇంట్లో పేరు లేదు,
సముద్రం అని నేనే పెట్టుకున్నా.

తోలు ఒలవాలి. స్పిరిటు అద్ది తుడవాలి.
ఒక్క దెబ్బకు నిటారుగా కొయ్యాలి.
రెండు కొసలు ఎదురెదురుగా పెడితే
లోపల చీమంత మెరుపు.
సున్నా పాయింటు సున్నా రెండు వస్తే పాసు.
సారు పదహారు అతికి
నడుం పట్టుకొని లేచినాడు.
"మిగతాయి నీయి."

నా మొదటిది సున్నా పాయింటు మూడు ఒకటి.
తెంపినా.
మళ్ళా చేస్తే మధ్యలో బుడగ.
తెంపినా.
"ఊపిరి బిగబట్టాకమ్మే, చెయ్యి వణుకుతాది."
ఊపిరి వదిలినా. అతికింది.
టార్పాలిను మీద వాన, టార్చి చుట్టూ ఉసిళ్ళు,
పాయింటు సున్నా రెండు, పాయింటు సున్నా మూడు,
నా జన్మలో ఇంత చిన్న అంకెలకు
ఇంత సంతోషపడింది లేదు.

మూడున్నరకు అవతల నుంచి ఫోను.
పదిహేడు పద్దెనిమిదిలో వస్తా ఉంది,
పద్దెనిమిది పదిహేడులో.
టార్చి పసుపు వెలుగులో
బూడిదనూ తెలుపునూ మార్చేసినా.
నా మొదటి రెండూనే.

సారు తిట్టలేదు. బీడీ కోసం జేబు తడిమి,
తడిసిందని పారేసి అన్నాడు:
"తొంభై ఒకటిలో కాళాస్తిలో
పోలీస్ స్టేషనునూ లాడ్జినీ మార్చినా నేను.
మూడు దినాలు ఎవురూ కనిపెట్టలేదు."
మళ్ళా తెంపినాము.

నగరి బస్సు దిగేసరికి ఏడు.
మగ్గాల షెడ్డులో అప్పటికే చప్పుడు.
మా అమ్మ నాగభూషణమ్మ అచ్చు అతుకుతా ఉంది,
అయిపోయిన పడుగు కొసకు కొత్త పడుగు,
పోగుకు పోగు మెలిపెట్టి,
జారకుండా వేళ్ళకు బూడిద రాసుకొని.
తల ఎత్తకుండానే అడిగింది:
"రాత్రంతా ఏం చేస్తివి?"
పోగులు అతికినామా.
"ఎన్ని?"
ఎనిమిది.
వేళ్ళు ఆగినాయి.
ఆమె ముందర మూడువేల పైచిలుకు.
"ఎనిమిదా! దానికి వ్యానూ, కరెంటూ,
మీ సారూనా?"
పక్క మగ్గాలోళ్ళు కూడా నవ్వినారు.

ఆ ఎనిమిదిలో రెండు మార్చిన సంగతి చెప్పలేదు.
సద్ది తాగి పడుకున్నా.
దిండు కింద ఫోను మోగింది.
ఎవరో చూడలేదు, ఎత్తలేదు.
మోగతా ఉంది కదా.