చీకటి కోసం

తొంభైయారు గుంటల తెల్ల పలక.
ఒక్కో గుంటలో
పేరు తెలియని ఒకానొక రోగి కణాలు.
ఆయన పోయి ఎన్నేళ్లయిందో,
రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే చాలు,
పెరుగుతూనే ఉన్నాయి.

బొగ్గుపొడితో సీరం కడిగి
పాత హార్మోన్ల జాడ పోగొట్టి
వాటిలోకి మిణుగురు జన్యువు ఎక్కించాను.
పురుష హార్మోను వచ్చి
తన గ్రాహకం ఒళ్లో కూర్చుంటే
కణం వెలుగుతుంది.
నా మందు ముందే వచ్చి ఆ చోటు పట్టుకుంటే
వెలగదు.

అంటే ఆరేళ్లుగా
చీకటి కోసం చదువుతున్నాను.

మా నాయన చెంగల్రాయుడు
ముప్పైనాలుగేళ్లు కొండమీద గుండ్లు గీశాడు.
గ్రాహకమంటే ఏమిటో చెప్పబోతే
ఆయనే నాకు చెప్పాడు:
"చూడు మేయ్, గడ్డం గుబురుగా ఉన్నోడికే
నడినెత్తిన పలచన.
మెడ పైన, చెవుల ఎనక మాత్రం ఎన్నటికీ రాలదు.
ఒగే కాలవ నీళ్లు, మూడు కయ్యలు.
ఏ కయ్య ఎట్ల తాగుతాదో దాని ఇష్టం."

థీసిస్ మూడో అధ్యాయం
ఇంతకంటే బాగా మొదలుపెట్టలేకపోయాను.

ఆయనకే వచ్చింది, ఆడికృత్తిక ముందర.
రోజుకొక తెల్ల మాత్ర, నెలకో సూది.
చేతివాటం తప్పకుండా రోజూ గీసుకునే గడ్డం
వారానికొకసారికి వచ్చింది.
అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిరి.
తడి తువ్వాలు మెడకేసుకుని వరండాలో కూర్చుంటే
అమ్మ లేచొచ్చి విసనకర్ర చేతికిచ్చి
"నాలుగేండ్లు నేనూ ఇట్నే కూర్చునింటిని.
అప్పుడు నువ్వు గురక పెడ్తివి" అంది.
ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

రొమ్ములు సలుపుతున్నాయని మాత్రం ఎవరికీ చెప్పలేదు.
మే నెల ఎండలో బనియను మీద బనియను వేసుకుంటే
నాకర్థమైంది:
నేను బట్టీపట్టిన జాబితాలో ఏడో లైను.

పీఎస్‌ఏ దిగింది. నలభై, ఆరు, ఒకటికి లోపు.
పద్దెనిమిది నెలలు అక్కడే ఉంది.
తర్వాత ఎక్కింది,
భక్తులు మెట్లెక్కినట్టు కాదు,
దొంగ గోడెక్కినట్టు.

డాక్టర్ హేమాద్రి "మాత్ర ఆపేద్దాం" అన్నాడు.
నాయన నావైపు చూశాడు,
ఇదేం వైద్యం అన్నట్టు.

నాకు తెలుసు. నా పలకలో చూశాను.
గ్రాహకం దండలో ఒక్క పూస మారితే చాలు,
అడ్డుపెట్టిన చెయ్యే
తలుపు తోస్తుంది.
ఏ మాత్రకి రోజూ పొద్దున్నే
గ్లాసుతో నీళ్లందించానో
అదే లోపల దీపం పెడుతూ వచ్చింది.

ఆపేశాం.
ఆరు వారాల్లో సగానికి పడింది.
ఎన్నాళ్లో తెలియదు. మూడు నెలలంటారు, ఆరంటారు.

నిన్న రాత్రి ల్యాబ్‌కి తీసుకెళ్లాను.
నలభైయ్యొకటో పదార్థం
మారిన గ్రాహకం మీద కూడా
మూడుసార్లు చీకటినిచ్చింది.
నాలుగోసారి మూలగుంట ఒకటి వెలిగింది.
నా చెయ్యి వణికిందో,
దాని బుద్ధే అంతో.

నాయన వంగి చూశాడు.
"వెలుగు యాడుండాది?"
"కంటికి ఆనదు నాయనా. మిషన్ లెక్కపెడుతుంది."

మూత మీద బొటనవేలు పెట్టి,
గీసిన గుండు మీద గరుకు వెతికినట్టు
ఎదురువాలుకి ఒకసారి నడిపాడు.
"మా పనీ అంతే.
బాగా గీస్తే కంటికేం తెలీదు, వేలికి తెలియాల.
గరుకు తగిల్తే ఇంగోసారి గీస్తాం.
దానికి దిగులెందుకు?"

అప్పుడే కరెంటు పోయింది.
కిటికీలో ఘాట్ రోడ్డు దీపాలు మాత్రం
కొండ మెడలో వంకరగా.
ఇది నాకు పనికొచ్చే చీకటి కాదు,
ముప్పైయేడు డిగ్రీలు తగ్గకముందే
జనరేటర్ దగ్గరికి పరుగెత్తాను.

వెనక నాయన గొంతు,
పలక రెండు చేతులా పట్టుకుని:
"కదిలించలేదులే మేయ్, నువ్ పో."