విడుపు

రక్తపరీక్ష కాగితం మీద అయిదు గడులు.
నడుము చుట్టుకొలత, చక్కెర, రక్తపోటు,
ఉండకూడని కొవ్వు, ఉండాల్సిన కొవ్వు.
అయిదింట్లో నాలుగు నాకే.
లెక్కల పరీక్షలో ఏనాడూ రాని మార్కులు
యాభైమూడో ఏట
జీలాంగ్ ఆసుపత్రిలో వచ్చాయి.

ఆ ఆసుపత్రి వంటశాలలోనే నా పని.
పై అంతస్తులో గుండెజబ్బుల వాళ్లకి
ఉప్పు లేని సూపు పోసి, మూతలు బిగించి
పంపుతూ పదకొండేళ్లు.
మిగిలిన కస్టర్డ్ ఎటు పోయేదో
నా నడుముకి తెలుసు.

చీకటి గది. చల్లని జిగురు.
ల్యాన్ అనే వియత్నాం అమ్మాయి
ఎడం పక్కకి తిరిగి పడుకోమంది.
తెర మీద నా గుండె
వానలో తడిసిన పావురంలా బూడిదరంగులో.
లోపల చిన్న తలుపు రెక్కలు
తెరుచుకుని, మూసుకుని, తెరుచుకుని.
యాభైమూడేళ్లుగా ఇంట్లో ఈ చప్పుడవుతుంటే
ఒక్కసారైనా లేచి చూశానా?

"పిండటం బాగానే పిండుతోంది," అంది ల్యాన్.
"వదలడమే ఆలస్యం."

బస్సులో ఇంటికొస్తూ ఆ మాటే నమిలాను.
వదలడం.
పదహారేళ్ల కిందట తోడికోడలు అన్న మాట
ఇంకా నా దగ్గరే ఉంది, మడత నలగకుండా.
కానీ గుండెకి ఈ సంగతులేం తెలుసు?
అదొక కండ.
దానికి మాటలు రావు, మెట్లు వచ్చు.

చీటీలు తీశారు.
యోసిప్‌కి నిదానపు నడక పడింది,
ముప్పావుగంట, ఒకటే తీరు.
నాకు ఒగర్చేదాకా నాలుగు నిమిషాలు,
ఊపిరి తీసుకోడానికి మూడు,
మళ్లీ నాలుగు, మళ్లీ మూడు.
"నీకు ఓవర్‌టైము, నాకు పెన్షను," అని నవ్వాడు
ఫోర్డ్ ఫ్యాక్టరీ మూసేదాకా
ఇరవైతొమ్మిదేళ్లు కారు తలుపులు బిగించిన యోసిప్.

మొదటి వారం, రెండో నాలుగులో
నోట్లో ఇనప రుచి.
టెగన్, పాతికేళ్ల పిల్ల, స్టాప్‌వాచ్ పట్టుకుని
"మాట్లాడగలుగుతున్నావా?" అంటుంది.
మాట్లాడగలిగితే పరుగు చాలనట్టు లెక్క.
తెలుగులో తిట్టాను.
ఇంకొంచెం వాలు పెంచింది.

అసలు సంగతంతా ఆ మూడు నిమిషాలదే.
మొదటి నిమిషం గుండె నమ్మదు,
ఇంకా పరుగే అనుకుని బాదుకుంటుంది.
రెండో నిమిషంలో చెవుల హోరు దిగి
కిటికీ అవతల సముద్రపు కొంగ అరుపు
మెల్లగా గదిలోకొస్తుంది.
మూడో దాంట్లో ఎక్కడో ఒక ముడి
ఎవరూ ముట్టుకోకుండానే
ఒక్క పోగు సడలుతుంది.
సరిగ్గా అప్పుడే టెగన్ చెయ్యెత్తుతుంది.

మా నాయనమ్మకి గ్రహణమంటే రెండు స్నానాలు.
పట్టుకొకటి, విడుపుకొకటి.
పట్టు స్నానం ఎగ్గొట్టినా ఊరుకునేది గాని
విడుపు స్నానం చెయ్యందే
అన్నం ముట్టనిచ్చేది కాదు.
వెన్ను మీద చెమట ధార కట్టినప్పుడల్లా
ఇది రెండోదేలే అనుకునేదాన్ని.

పదహారు వారాలకి మళ్లీ ఆ గది.
నడుము ఒక్క సెంటీమీటరు, అదీ టేపు దయ.
చక్కెర మొండికేసింది.
ల్యాన్ తెర మీద ఒక అలని కొలిచి,
నమ్మకం కుదరక మళ్లీ కొలిచి
"ఏడు, ఎనిమిదిన్నర అయింది," అంది.
ఏమిటవి అంటే
పిడికిలి బిగించి
చటుక్కున విప్పి చూపించింది.

యోసిప్ పదకొండో వారంలో మానేశాడు, మోకాలు.
ఇప్పుడు శనివారాలు ఈస్టర్న్ బీచ్ పొడుగునా
దీపస్తంభాలు లెక్కపెట్టుకుంటూ పరిగెడతాను.
మోకాలి పట్టీతో వెనక ఆయన, ఒకటే తీరు.
నా మూడు నిమిషాల్లో వచ్చి నన్ను కలుస్తాడు.
ఎదురుగాలిలో కారు తలుపుల గురించి చెబుతాడు:
మూసేటప్పటి చప్పుడు ఎవడైనా వింటాడట,
పనివాడు వినేది మాత్రం

నా గడియారం మోగుతుంది.
తర్వాతి స్తంభం దగ్గర అడగాలి.